సాలూరు ఘాటీ దాబాలు: లారీలు కట్టినవి, బళ్లు నిలబెడుతున్నవి

ఆంధ్రాలోని సాలూరు నుంచి ఒడిశాలోని కోరాపుట్ దాకా ఉన్న ఘాటీ దారిలో ఎక్కడ ఆగితే బాగుంటుందని విశాఖపట్నం, విజయనగరాల నుంచి మోటారు సైకిళ్ల మీద బయలుదేరే మిత్రులు నన్ను తరచు అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనకే, కాస్త గొంతు తగ్గించి, రెండో ప్రశ్న వస్తుంది: అక్కడ మందు దొరుకుతుందా అని. సిమిలిగుడలో కాపురం, నిత్యం ఈ దారి మీదే రాకపోకలు ఉన్నవాణ్ని కాబట్టి రెండింటికీ కలిపి ఇక్కడే జవాబు రాసిపెడుతున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడవైనది. రెండోదానికి జవాబు ఒక్క ముక్కే అయినా దాని వెనక ఉన్న లెక్క చెప్పకపోతే ఎవరూ వినరు.

నాతవలస దగ్గర మొదలై విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కోరాపుట్, జయపురం వైపు సాగే ఈ రోడ్డు ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. పాత నంబరు 43. నా ఈడు వాళ్లు ఇప్పటికీ ఫార్టీ త్రీ అనే అంటారు. సాలూరు దాటగానే కొండ ఎక్కడం మొదలుపెట్టి, సుంకి దగ్గర ఒడిశాలో అడుగుపెట్టి, పొట్టంగి, సిమిలిగుడ, సునాబెడల మీదుగా దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న కోరాపుట్ పీఠభూమికి చేరుస్తుంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ దారికి కూతవేటులోనే ఉంది. దుడుమ జలపాతం, కొలాబ్ జలాశయం, జయపురం అవతల గుప్తేశ్వరం కూడా కలుపుకుంటే శని, ఆదివారాలకు సరిపడా తిరుగుడు. అరకు, పాడువా, నందపురం మీదుగా పైకి వచ్చి సాలూరు ఘాటీ మీదుగా దిగిపోయే చుట్టు ప్రయాణం ఈ మధ్య విశాఖ బుల్లెట్ బృందాలకు బాగా అలవాటైంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అందువల్ల సుంకి దాటినంత మాత్రాన తెలుగు ఆగిపోదు. యజమాని తెలుగువాడు, వంటవాడు ఒడియావాడు, గిన్నెలు తోమే కుర్రవాడు దేశియా మాట్లాడే కొండ పల్లెవాడు అయిన దాబాలు ఈ దారిలో మామూలు. బల్ల దగ్గరికి వచ్చి "ఏటి తింతారు బావూ" అని అడిగిన మనిషే లోపలికి వెళ్లి అదే ఆర్డరును ఒడియాలో అరిచి చెబుతాడు.

ఈ దాబాలను మోటారు సైకిళ్ల వాళ్ల కోసం ఎవరూ కట్టలేదన్నది మొదట తెలుసుకోవలసిన సంగతి. ఇవి లారీల సంతానం. సాలూరు లారీల ఊరు: లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టే షెడ్లు, రంగులు వేసేవాళ్లు, ఊరు ఊరంతా ఆ చక్రాల మీద బతికింది. విశాఖ రేవు నుంచి రాయపూర్ వైపు ఎక్కే సరుకూ, అటునుంచి దిగే సరుకూ ఈ ఘాటీ మీదుగానే నడిచాయి. బరువుతో ఎక్కే లారీ ఇంజను వేడెక్కుతుంది, బరువుతో దిగే లారీకి బ్రేకు డ్రమ్ములు వేడెక్కుతాయి. రెండింటికీ ఆగి చల్లబరచుకోవాలి. కనుక ఘాటీ కింద ఒకచోట, పైన ఒకచోట నీళ్లు, నీడ, తిండి దొరికే మకాములు వెలిశాయి. దాబా ఎక్కడ ఉండాలో నిర్ణయించింది యజమాని కాదు, ఇంజను వేడి.

సరిహద్దు కూడా ఆ పని చేసింది. వస్తు సేవల పన్ను రాకముందు వాణిజ్య పన్నుల చెక్‌పోస్టు దగ్గర కాగితాలు చూపించి ముద్ర వేయించుకునేదాకా లారీ కదలడానికి వీల్లేదు. ఆ నిరీక్షణ గంటలు గంటలు సాగేది కాబట్టి సుంకి పరిసరాల్లో టీ కొట్టు నుంచి పంక్చరు షాపు దాకా అన్నిటికీ గిరాకీ ఉండేది. 2017 జూలై 1 నుంచి జీఎస్‌టీ అమలు కావడంతో దేశమంతటా ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారు. రవాణా శాఖ తనిఖీలు మిగిలినా, వరుసకట్టి పడుకునే లారీలు తగ్గిపోయాయి. డ్రైవర్లకు అది ఎంతో మేలు. దాబాల గల్లాపెట్టెకు మాత్రం పెద్ద దెబ్బ. ఆ లోటును ఎంతో కొంత పూడ్చింది ఆదివారం పొద్దున్నే ఘాటీ ఎక్కి వచ్చే మోటారు సైకిళ్లే అని నా అభిప్రాయం. అయితే ఆ పూడ్పు ఒకే రకంగా జరగలేదు, ఎందుకంటే లారీవాడికి కావలసింది వేరు, బండివాడికి కావలసింది వేరు.

లారీ డ్రైవరు దాబాకు వచ్చేది నడుం వాల్చడానికి. నులక మంచం, దాని మీద అడ్డంగా ఒక బల్ల చెక్క, స్నానానికి తొట్టిలో నీళ్లు, అర్ధరాత్రి అయినా వేడి రొట్టె ఉంటే అతనికి చాలు. తన లారీ ఎక్కడ నిలబడిందో కంటికి కనబడకపోయినా ఫరవాలేదు, క్లీనరు అందులోనే పడుకుంటాడు. మోటారు సైకిలు మనిషి కథ అలా కాదు. అతని సామానంతా బండికే కట్టి ఉంటుంది, కాబట్టి కూర్చున్న కుర్చీలోంచి బండి కనబడాలి. హెల్మెట్టు, చేతి తొడుగులు, తడిసిన రెయిన్‌కోటు పెట్టుకోవడానికి కాస్త జాగా ఉండాలి. బండి నిలిపే నేల గట్టిగా ఉండాలి. లారీల కోసం పోసిన వదులు కంకర మీద సైడ్ స్టాండు దిగబడి బరువైన బండి పక్కకు పడిపోవడం ఇక్కడ తరచు చూసే దృశ్యం. ఇంత చిన్న సంగతిని కనిపెట్టి, ముందు భాగంలో నాలుగు బళ్లు పట్టేంత మేర సిమెంటు చేయించిన దాబాల ముందు ఆదివారం జనం ఉంటారు; చేయించనివి, వంట ఎంత బాగున్నా, ఖాళీగా ఉంటాయి.

అన్నిటికంటే పెద్ద తేడా మరుగుదొడ్డి దగ్గర తెలుస్తుంది. ఇన్నేళ్లూ మగవాళ్లే వచ్చిన చోట ఆ గది గురించి ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు వచ్చే బృందాల్లో ఆడవాళ్లు వెనక సీట్లోనే కాదు, సొంత బళ్లు నడుపుతూ కూడా వస్తున్నారు. వాళ్లు ఎక్కడ ఆగుదామంటే బృందం అక్కడే ఆగుతుంది, వాళ్లు దానిని నిర్ణయించేది తలుపుకు గడియ, లోపల నీళ్లు ఉన్నాయా అన్నదాన్ని బట్టి. ఒక తలుపు, ఒక గడియ, ఒక కుళాయి మీద పెట్టే ఖర్చు రంగురంగుల దీపాల మీద పెట్టే ఖర్చులో ఎంతో ఉండదు. అయినా ఎక్కువమంది యజమానులు ముందు దీపాలే కొంటారు. ఫొటోల కోసం గోడ మీద రెక్కల బొమ్మ వేయించిన దాబా కూడా ఒకటి నాకు తెలుసు. అక్కడ చేతులు కడుక్కోవడానికి ఇప్పటికీ మగ్గూ బకెట్టే.

ఇక తిండి సంగతి. కింద సాలూరు, రామభద్రపురం వైపు ఉన్నవి మనకు తెలిసిన భోజనం హోటళ్లే: అన్నం, పప్పు, చారు, చేపల పులుసు, అడిగితే నాటుకోడి కూర. ఘాటీ ఎక్కాక పళ్లెం మారుతుంది. ఉదయం పూట బరా, ఘుగుని. మినప గారెల్లాంటి వాటి మీద బఠాణీ కూర పోసి ఇస్తారు, చలిలో తింటే పది గంటల దాకా ఆకలి వేయదు. మధ్యాహ్నం, రాత్రి పూట తవా రొట్టె, తడకా. ఇక్కడి తడకా అంటే మన పప్పు తాలింపు కాదు: పొట్టు తీయని పెసలను ఉడికించి, ఉల్లి, అల్లం, మసాలాతో దగ్గరగా వేయించి, కోరితే గుడ్డు కొట్టి కలిపి ఇచ్చే చిక్కటి వంటకం. బెంగాల్, ఒడిశా లారీ దారులంతటా దొరుకుతుంది. బండి నడిపే వాళ్లకు ఇంతకు మించిన తిండి లేదని నేను నమ్ముతాను. కడుపు బరువెక్కదు, నిద్ర రాదు, ధర తక్కువ, పెసలు చెడిపోయేవి కావు కాబట్టి దాబా ఎంత చిన్నదైనా భయం లేదు. చికెన్ సంగతి అలా చెప్పలేను. ఆదివారం రద్దీగా ఉండే చోట తినండి, మంగళవారం మధ్యాహ్నం ఈగలు తోలుకుంటున్న చోట వద్దు.

చోడి (రాగి) అంబలి గురించి వేరే చెప్పాలి. కోరాపుట్ కొండల్లో మండియా అంటే ఇదే చోళ్లు. రోజంతా కొండ మీద పని చేసే మనిషి సొరకాయ బుర్రలో పోసుకుని వెళ్లి దాహానికీ ఆకలికీ కలిపి తాగేది ఈ అంబలే. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో కోరాపుట్ ఒకటి; ఆ తర్వాత మహిళా సంఘాలు నడిపే చిరుధాన్యాల టిఫిన్ కేంద్రాలు కూడా వచ్చాయి. చోళ్లతో చేసిన పకోడీలు, వడలు వాటిలో దొరుకుతాయి. దాబాలు మాత్రం అంబలిని ఇంకా పనివాళ్ల తిండిగానే చూస్తున్నాయి, పంచడానికి మొహమాటపడుతున్నాయి. ఎండలో నాలుగు గంటలు జాకెట్టు వేసుకుని బండి నడిపి వచ్చిన మనిషికి సీసాలో గాలి కొట్టిన తియ్యటి నీళ్ల కంటే ఉప్పు వేసిన చల్లటి అంబలి ఎంత నయమో ఒక్కసారి తాగితే తెలుస్తుంది. అలాగే ఈ కొండల మీద కాఫీ తోటలు ఉన్నాయి, కోరాపుట్ కాఫీకి పేరూ వస్తోంది. అయినా దాబాలో కాఫీ అడిగితే పొట్లం చింపి పాలలో కలిపిన పొడే ఇస్తారు. ఇది నాకు చాలా కాలంగా ఉన్న ఫిర్యాదు.

లారీవాళ్ల మకాము బండివాళ్ల చేతికి రావడం మన దగ్గరే జరిగిన వింత కాదు. లండన్‌లో నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన 1938లో తెరిచిన ఏస్ కేఫ్ కూడా మొదట రాత్రీ పగలూ లారీ డ్రైవర్లకు టీ, టిఫిన్ పెట్టిన చోటే. యుద్ధంలో బాంబు దాడికి నేలమట్టమై, 1949లో మళ్లీ కట్టిన తర్వాత అది మోటారు సైకిళ్ల కుర్రకారు అడ్డాగా మారింది. పాటల పెట్టెలో ఒక పాట పెట్టి, అది ముగిసేలోగా ఫలానా మలుపు దాకా వెళ్లి తిరిగి రావాలని పందేలు కాసేవారట. అలాంటి బండికీ, దాన్ని నడిపేవాడికీ పడిన కేఫ్ రేసర్ అనే మాట పుట్టుకకు ఇలాంటి చోట్లే కారణం. ఆ కుర్రకారును చుట్టూ కూర్చోబెట్టిన పానీయం టీ. కొత్త వేగపు రహదారులు (మోటార్‌వేలు) వచ్చి రాకపోకలు అటు మళ్లడంతో 1969లో అది మూతపడింది. తర్వాత పాత అభిమానులు పూనుకుని 2001లో అదే చోట తిరిగి తెరిచారు. లారీలు పోతే మూతపడి, బళ్లు తలచుకుంటే తెరుచుకున్న ఆ వరుస మన ఘాటీకి ఎంత దగ్గరగా వస్తుందో కింద చెబుతాను.

ఇప్పుడు రెండో ప్రశ్న. దాబాలో మందు పోయడం చట్టబద్ధం కాదు. ఒడిశాలో మద్యం అమ్మడానికి లైసెన్సులు రెండు రకాలు: సీసా కొని పట్టుకుపోయేది ఆఫ్ షాపు, కూర్చుని తాగేది ఆన్ షాపు. దాబాకు ఈ రెండూ ఉండవు. పైగా తమిళనాడు ప్రభుత్వం, కె. బాలు కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని తీర్పు ఇచ్చింది. 2017 మార్చి 31న బార్లకూ అది వర్తిస్తుందని స్పష్టం చేస్తూ, 20,000 జనాభా మించని చోట్ల దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఆ ఏడాదే మునిసిపల్ పరిధిలోని చోట్లకు ఆ తీర్పు అడ్డు రాదని వివరణ వచ్చింది. కాబట్టి లైసెన్సు ఉన్న బారు కావాలంటే కోరాపుట్, జయపురం వంటి పట్టణాల్లో వెతుక్కోవలసిందే. ఘాటీ మలుపు దగ్గర ఎవరైనా స్టీలు గ్లాసులో పోసి ఇస్తున్నారంటే అది ఎక్సైజు వాళ్లకు తెలియకుండా జరిగేదే, అందులో ఏముందో చెప్పే పూచీ కూడా ఎవరిదీ కాదు.

చట్టం సంగతి పక్కన పెట్టి శరీరం లెక్క చూద్దాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాలు ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అరవై మి.లీ. పెద్ద పెగ్గులో ఆల్కహాలు సుమారు 20 గ్రాములు. డెబ్బై కిలోల మగవాడి 100 మి.లీ. రక్తంలో అది 40 మి.గ్రా. దరిదాపులకు చేరుతుంది, అంటే ఒక్క పెగ్గుతోనే గీత దాటినట్టు. క్వార్టరు (180 మి.లీ.) తాగితే దానికి మూడింతలు. శరీరం రక్తంలోని ఆ అంకెను గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున మాత్రమే తగ్గించగలదు. ఆ వేగాన్ని చన్నీళ్లు, నిమ్మకాయ, బిర్యానీ, కాఫీ ఏవీ పెంచలేవు. రాత్రి పన్నెండింటికి క్వార్టరు ముగించినవాడు ఉదయం ఆరింటికి బండి ఎక్కితే అతని రక్తం ఇంకా చట్టం గీత అంచునే ఉంటుందని లెక్క వేస్తే తేలుతుంది. నిద్రపోయాను కదా అన్నది ఆ లెక్కలోకి రాదు. నాలుగు చక్రాల బండిలో మత్తు తప్పుగా తిరిగిన స్టీరింగుగా కనబడుతుంది. రెండు చక్రాల బండి మీద ముందు దెబ్బ తినేది నిలదొక్కుకునే శక్తే. అదీ పొగమంచులో, లారీ నూనె కారిన మలుపులో.

సీసాల ప్రయాణానికి రాష్ట్రాల విధానాలు కూడా తోడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి దుకాణాలను ప్రభుత్వమే నడిపిన కాలంలో అలవాటైన బ్రాండ్లు దొరకక, ధరలు భరించలేక సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లలో కొందరు రైడింగు జాకెట్లు కూడా వేసుకుని వచ్చారని మా వైపు జోకు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాక ఆ రద్దీ సన్నగిల్లింది. ఒక రాష్ట్రంలో కొన్న సీసాను మరో రాష్ట్రంలోకి తీసుకుపోవడానికి ఎక్సైజు నిబంధనలు అడ్డువస్తాయన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇక కొండ పల్లెల్లో జీలుగు కల్లు, ఇప్పసారా ఉన్నాయి. అవి ఆ ఇళ్లలో పండుగకూ పెళ్లికీ దేవతకూ సంబంధించినవి. హెల్మెట్టుకు కెమెరా తగిలించుకుని వెళ్లి, ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి వీడియో తీసే పద్ధతి నాకు అసహ్యం. పల్లె మధ్యలోంచి సైలెన్సరు మార్చిన బండిని గర్జింపజేస్తూ పోవడం కూడా అంతే.

ఇక ముందేమవుతుంది? రాయపూర్, విశాఖపట్నాల మధ్య ఆరు వరుసల కొత్త దారి కోరాపుట్ జిల్లా మీదుగానే వస్తోంది. అది పూర్తయితే బరువు లారీలు ఘాటీ మలుపులు తిరగవలసిన అవసరం ఉండదు. అలాంటి దారి మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీలుండదు, పక్కన నులక మంచం వేసుకుని పొయ్యి పెట్టడానికి అసలే వీలుండదు. కేటాయించిన చోట్ల పెట్రోలు బంకు, తిండి అంగళ్లు ఉంటాయి. అప్పుడు పాత ఘాటీ మీద మిగిలేది స్థానిక బస్సులు, జీపులు, సంతకు వెళ్లే జనం, మలుపుల కోసమే వచ్చే మోటారు సైకిళ్లు. దాబాల్లో సగం మూతపడతాయని నా అంచనా. మిగిలేవి సిమెంటు చేసిన జాగా, గడియ ఉన్న తలుపు, తడకా, అంబలి ఉన్నవే కావాలి. రహస్యంగా గ్లాసులో పోసి సంపాదిద్దామనుకునే చోటికి ఒక్క ప్రమాదం చాలు, ఏ బృందమూ మళ్లీ అటు చూడదు. యజమానుల్లో ఈ సంగతి గ్రహించినవాళ్లు ఇప్పటికే బోర్డు మీద పంక్చరు, గాలి, చార్జింగు అని రాయించుకుంటున్నారు. గ్రహించనివాళ్లు పాత లారీ రోజులు తిరిగి వస్తాయని కూర్చున్నారు.

వచ్చేవాళ్లకు నాలుగు మాటలు. ఘాటీలో సెల్ సిగ్నలు ఉండీ లేనట్టు ఉంటుంది, ఫోను చెల్లింపు గోడ మీది కాగితానికే పరిమితమవుతుంది. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు సాలూరులోనే నింపుకోండి. వానాకాలంలో పచ్చదనం కోసం వచ్చేవాళ్లు ఉదయం మంచు విడిచేదాకా కింద టిఫిన్ చేస్తూ కూర్చోవడం మంచిది. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజను మీద దిగండి, బ్రేకు మీద కాదు. వరుసగా బ్రేకు పట్టుకుని దిగినవాళ్ల బళ్లు సాలూరు చేరేసరికి డిస్కు కాలిన వాసన వేస్తుంటాయి. తాగాలనుకునేవాళ్లు జయపురంలోనో కోరాపుట్‌లోనో గది తీసుకుని, బండి తాళం లాడ్జి కౌంటరులో ఇచ్చి, మర్నాడు మధ్యాహ్నం భోజనం చేశాక బయలుదేరండి. అలా బయలుదేరితే సుంకి చేరేసరికి సాయంత్రం బరా వేసే వేళ అవుతుంది.